బంగారు పొంగణాలు

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాలలో గుంతపొంగణాల పెనం ఎరుగని వంటయిల్లు అరుదు. చదునైన పెనం మీద పోసిన పిండి ఎంతవరకు పారుతుందో, అంచు ఎక్కడ ఆగుతుందో ముందుగా చెప్పడం కష్టం. అదే పిండి గుంతల పెనంలో పడితే గుంతకొక పొంగణం చొప్పున, అన్నీ ఒకే పరిమాణంలో, వరుస తప్పక లేచి వస్తాయి. ఇట్టి ఉపాయమే బంగారం విషయంలో, కంటికి కానరానంత చిన్న కొలతలో ఫలించిన వృత్తాంతం ఒకటి కలదు.

ఆ వృత్తాంతానికి మొదలు చాలా పాతది. 1857లో మైకేల్ ఫారడే పలుచని బంగారు రేకును గాజుపలకకు అంటించి వేడిచేశాడు. అట్టి రేకుగుండా చూస్తే సామాన్యంగా ఆకుపచ్చని వెలుగు కనిపిస్తుంది. వేడి తగిలిన తరువాత ఆ పచ్చదనం మాయమై, రేకు తెల్లని వెలుగును ధారాళంగా పోనిచ్చింది. బంగారం 1064 సెంటీగ్రేడు డిగ్రీల వద్దగాని కరగదు. ఫారడే వాడిన వేడి అంతకు ఎంతో తక్కువ. కరగని లోహం ఎట్లు మారింది?

చేమాకు మీది నీరు పరచుకొనక ముత్యమై నిలవడం విద్యార్థులు ఎరిగినదే. తలతన్యత పాఠంలో ఉపాధ్యాయులు చెప్పే ఉదాహరణ కూడా అదే. పదార్థానికి ఉపరితలం ఎంత పెరిగితే అంత శక్తి వ్యయమవుతుంది. అందుచేత అది ముడుచుకొనజూస్తుంది. ఈ ధర్మం ఘనపదార్థానికీ ఉన్నది. లేనిది చలనం మాత్రమే. మిల్లీమీటరులో పది లక్షలవ వంతు నానోమీటరు. కొన్ని పదుల నానోమీటర్ల మందం గల లోహపు పొరకు వేడి తగిలితే, కరగకుండానే పై అణువులు ఉపరితలం వెంట ప్రాకుతాయి. స్ఫటికపు రేణువులు కలిసే అతుకుల వద్ద మొదట గాళ్లు పడి, అవి లోతై రంధ్రాలవుతాయి. రంధ్రం విస్తరించేకొద్దీ దాని అంచు గట్టువలె ఉబ్బి వెనుకకు జరుగుతుంది. తుదకు గట్లు తెగి, పొర యావత్తూ బిందువులుగా విడిపోతుంది. పొర ఎంత పలుచనైతే ఈ పని అంత త్వరగా ముగుస్తుంది.

సూక్ష్మ విద్యుత్ పరికరాలు చేసేవారికి ఇది చిరకాలంగా బెడద. తీగగా నిలవవలసిన లోహం ముక్కలైపోతే పరికరమే వ్యర్థం. పోనీ, ఆ బిందువులనే వాడుకొందామంటే చదునుపలక మీద వాటికి క్రమం లేదు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఒకచోట గుంపు, ఒకచోట శూన్యం.

క్రమం కావాలంటే శిల్పి మార్గం ఒకటున్నది. దేవతామూర్తులకు పేరుపొందిన ఆళ్లగడ్డ శిల్పి ఉలితో ఒక్కొక్క దెబ్బను చూచి వేస్తాడు. ఎలక్ట్రాన్ కిరణంతో ఒక్కొక్క చుక్కనూ గీసి లోహకణాలను నిలిపే పద్ధతి అటువంటిది. విగ్రహానికి ఆ ఓర్పు తగును. కోట్లకొలది చుక్కలకు కాలమూ ధనమూ చాలవు.

2005లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఆమండా గియర్మన్, కార్ల్ థాంప్సన్ అను వారు పొంగణాల పెనం మార్గం ప్రకటించారు. కాంతి తరంగాల వ్యతికరణంతో సిలికాన్ పలక మీద చుక్కల ముగ్గు వంటి అచ్చు వేసి, క్షారద్రవంతో తినిపించగా, తలక్రిందులైన పిరమిడ్ల వంటి గుంతలు ఏర్పడ్డాయి. గుంతకూ గుంతకూ ఎడం వెంట్రుక మందంలో కొన్ని వందలవ వంతు. పైన బంగారు పొర పూసి వేడిచేశారు. గుంతకొక బిందువు నిలిచింది. చదునుపలక మీది వాటికంటే ఇవి చిన్నవి. పరిమాణాలలో తేడాలు కూడా బాగా తగ్గాయి.

ఇక్కడ పోలికను కొంత సవరించుకోవాలి. వంటయింట్లో ప్రతి గుంతలోనూ గరిటెతో పిండి పోసే చేయి ఒకటున్నది. ఈ పలక మీద పొర అంతటా పరచినదే. గుంత అంచు మీద పొర కుంభాకారంగా వంగుతుంది. అడుగున పుటాకారంగా వంగుతుంది. కుంభాకారపు చోటినుండి పుటాకారపు చోటికి అణువులు తరలిపోతాయి. అంచువద్ద పొర పలుచబడి తెగుతుంది, అడుగున బంగారం పోగవుతుంది. గరిటె పని వంపే చేస్తున్నదన్నమాట.

ఈ శ్రమ ఎందుకంటే, లోహకణాల పరిసరంలో చిక్కిన అణువులు వెదజల్లే మందమైన కాంతి అనేక రెట్లు ప్రబలమై, లేశమాత్రపు పదార్థాన్ని కూడా పట్టి ఇస్తుంది. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో లేజరుతో లోహ నానోకణాలు తయారుచేసి, ప్రేలుడు పదార్థాల జాడ తీసే పరిశోధనలు ఈ సూత్రం మీదనే సాగాయి. కణాల పరిమాణమూ ఎడమూ మారితే కాంతి కూడా మారుతుంది. ఒకే పలక ఈ మూల ఒక మాట, ఆ మూల ఒక మాట చెబితే ఆ సాక్ష్యాన్ని నమ్మేదెట్లు?

పెనం ఉన్నంత మాత్రాన పొంగణాలు కుదరవు, పిండి పాళం కూడా కుదరాలి. పొర మరీ పలుచనైతే ఒక్కొక్క గుంతలో రెండు మూడు బిందువులు చేరుతాయి. మందమైతే ఇరుగుపొరుగు గుంతల బంగారం గట్టు దాటి ఏకమవుతుంది. పాళం కుదిరినచోట మరొక విశేషం కూడా బయటపడింది. బిందువులు వరుసలో నిలవడమే గాక, కొన్ని పరిస్థితులలో వాటిలోని అణువుల బారులు సైతం గుంత గోడలను అనుసరించి దిక్కు తీర్చుకొన్నాయి.