ఓడరేవు - ఇసుక బాట

సముద్రపు ఒడ్డున నిలబడి చూసేవారికి అలలు వస్తూ పోతూ ఉన్నట్లు కనిపిస్తుంది. ఒడ్డున ఉన్న ఇసుక మాత్రం కదలక మెదలక పడి ఉన్నట్లు తోస్తుంది. నిజానికి ఆ ఇసుక నిత్యం ప్రయాణం చేస్తూనే ఉంటుంది. అల ఒడ్డుకు తిన్నగా రాదు. గాలి వీచే దిక్కునుబట్టి ఏటవాలుగా వచ్చి ఒడ్డెక్కుతుంది. ఎక్కేటప్పుడు ఇసుక రేణువులను కూడా ఏటవాలుగానే పైకి తెస్తుంది. నీరు వెనక్కు జారేటప్పుడు మాత్రం పల్లం వెంట నేరుగా దిగిపోతుంది. అంటే ఒక్కొక్క అలకూ ఇసుక రేణువు కొంచెం పక్కకు జరుగుతుందన్నమాట. రోజుకు వేలకొలది అలలు! ఇక ఏడాది పొడుగునా ఎంత ఇసుక ఎంత దూరం నడుస్తుందో ఊహించండి.

మన తూర్పు తీరంలో నైరుతి ఋతుపవనాల నెలలలో ఇసుక దక్షిణం నుండి ఉత్తరానికి సాగుతుంది. ఈశాన్య ఋతుపవనాల నెలలలో వెనక్కు మళ్ళుతుంది. అయితే ఈ రెంటిలో ఉత్తరపు నడకే ఎక్కువ. ఏడాది చివర లెక్క చూస్తే, చాలాచోట్ల లక్షల ఘనపు మీటర్ల ఇసుక ఉత్తరానికి చేరి ఉంటుంది. ఒక ఊరి ఒడ్డున ఉన్న ఇసుక దక్షిణాన ఉన్న ఊరు అందించినదే; ఉత్తరాన ఉన్న ఊరికి అందవలసినదే. ఈ బాటకు ఎక్కడ అడ్డు పడినా ఆ ఫలితం పక్క ఊరికి తగులుతుంది.

ఇప్పుడు ఓడరేవు సంగతి చూద్దాం. ఓడ ఒరిగిపోకుండా నిలబడాలంటే ప్రశాంతమైన నీరు కావాలి. అందుకని సముద్రంలోకి పెద్ద పెద్ద బండరాళ్ళతో గోడలు కడతారు. వీటిని బ్రేక్‌వాటర్లు అంటారు. అలలను ఆపడానికి కట్టిన ఈ గోడ ఇసుకను కూడా ఆపుతుంది. గోడకు దక్షిణాన ఇసుక మేట వేస్తుంది. ఉత్తరాన అలలు ఎప్పటిలాగే ఇసుకను తీసుకుపోతూ ఉంటాయి కాని, దాని స్థానంలోకి కొత్త ఇసుక రాదు. ఒడ్డు కోసుకుపోతుంది.

దీనికి మద్రాసును మించిన ఉదాహరణ లేదు. అక్కడ 1870ల నడుమ రేవు గోడల నిర్మాణం మొదలైంది. 1881లో వచ్చిన తుఫాను ఆ గోడలను చాలావరకు పడగొట్టింది, మళ్ళీ కట్టారు. ఆ గోడకు దక్షిణాన ఇసుక చేరి చేరి విశాలమైన తీరం ఏర్పడింది. 1884లో గవర్నరు గ్రాంట్ డఫ్ దానికి మెరీనా అని పేరు పెట్టాడు. నేడు లక్షలమంది షికారుకు వెళ్ళే ఆ మెరీనా చాలావరకు రేవు వల్ల వచ్చినదే. మరి గోడకు ఉత్తరాన ఉన్న రాయపురం మాటేమిటి? అక్కడ సముద్రం ముందుకు వచ్చింది. తెప్పలు లాగిపెట్టుకునే ఒడ్డు, వలలు ఆరవేసుకునే చోటు పోయాయి. చివరకు రాళ్ళు పోసి తీరాన్ని నిలబెట్టవలసి వచ్చింది. మెరీనాను మెచ్చుకునే వారిలో రాయపురాన్ని తలచుకునేవారు తక్కువ.

రాళ్ళు పోస్తే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. రాళ్ళు పోసిన చోట కోత ఆగుతుంది కాని, ఇసుక పుట్టదు. రాళ్ళు ఆగిపోయిన చోటినుండి కోత మళ్ళీ మొదలవుతుంది. అసలు ఉపాయం వేరే ఉంది. గోడకు దక్షిణాన చేరిన ఇసుకను తోడి ఉత్తరాన పోయాలి. అల చేయవలసిన పనిని యంత్రం చేత చేయించడమే ఇది. విశాఖపట్నంలో ఈ పద్ధతి ఎంతోకాలంగా ఉంది. 1933లో ప్రారంభమైన ఆ రేవులో, ప్రవేశద్వారం దగ్గర రెండు పాత ఓడలను ముంచి అలలకు అడ్డుపెట్టారు. వాటి చాటున చేరిన ఇసుకను డ్రెడ్జర్ అనే ఓడ తోడేది. ఆ తరువాత వెలుపలి రేవు కట్టినప్పుడు కూడా ఇసుక చేరడానికి వేరే గొయ్యి ఏర్పాటు చేశారు. అక్కడ తోడిన ఇసుకను గొట్టాల ద్వారా ఉత్తరాన ఉన్న తీరానికి పంపుతూ వచ్చారు. అయినా అక్కడ కోత పూర్తిగా ఆగలేదు. కాని తోడకపోతే ఏమవుతుందో పుదుచ్చేరి చెబుతుంది.

పుదుచ్చేరి యానాం పిల్లలకు తెలిసిన పట్టణమే. వారి కేంద్రపాలిత ప్రాంతానికి రాజధాని. అక్కడ 1980ల చివర నదీముఖం వద్ద రేవు గోడలు కట్టారు. ఇసుకను ఉత్తరానికి పంపే ఏర్పాటు ఆ ప్రణాళికలోనే ఉంది. కాని అది సరిగా సాగలేదు. కొన్నేళ్ళలోనే పట్టణం ముందున్న ఇసుక ఒడ్డు మాయమై, నల్లరాళ్ళ గుట్ట మిగిలింది. ఉత్తరాన జాలరి పల్లెలకు కోత పాకింది. 2018లో సముద్రంలో ఉక్కుతో చేసిన ఒక కట్టడాన్ని నీటి అడుగున ముంచి, అలల వేగం తగ్గించారు. దానివల్ల కొంతమేర ఇసుక తిరిగి చేరింది. రేవు కట్టడం ఒకనాటి పని. ఇసుక తోడడం ఏటేటా చేయవలసిన పని. ప్రారంభోత్సవం మొదటిదానికే జరుగుతుంది!

ఇసుక ఒక్కటే కాదు, ప్రాణుల మాట కూడా ఆలోచించాలి. ఒడిశాలో ధామ్రా రేవు 2011లో పనిచేయడం మొదలుపెట్టింది. దాని దగ్గరలోనే గహిర్మాత తీరం ఉంది. అక్కడికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు వేలు, లక్షల సంఖ్యలో వచ్చి గుడ్లు పెడతాయి. రేవు కోసం లోతుగా కాలువ తవ్వేటప్పుడు డ్రెడ్జర్ గొట్టం ఇసుకతోపాటు తాబేళ్ళను కూడా లాగేయవచ్చు. అందుకని గొట్టం మూతికి ముందు ఒక ఉక్కు అడ్డు బిగించారు. అది నేలమీది తాబేలును పక్కకు నెట్టివేస్తుంది. దీపాల వల్ల మరొక చిక్కు ఉంది. గుడ్డునుండి బయటపడిన పిల్ల రాత్రివేళ ఏ వైపు వెలుగు ఉంటే ఆ వైపు పాకుతుంది. చీకటి తీరంలో నీటి మీద వెలుగే ఎక్కువ కనుక అది సముద్రానికి చేరుతుంది. రేవు దీపాలు ధగధగ మెరిస్తే అది దారితప్పి నేలవైపు పోయి చచ్చిపోతుంది. అందుకే దీపాలకు తొడుగులు వేసి, వెలుగు కిందికి మాత్రమే పడేటట్లు చేయాలి. ఇన్ని జాగ్రత్తలు చెప్పుకునేకంటే రేవును వేరేచోట కట్టవలసింది అని వాదించినవారూ ఉన్నారు. ఆ వాదనను తేలికగా కొట్టివేయలేము. స్థలం ఎంపికలో చేసిన పొరపాటును తరువాతి జాగ్రత్తలు పూర్తిగా దిద్దలేవు.

రేవు నడుస్తున్నప్పుడు కూడా ప్రమాదాలు ఉంటాయి. 2017 జనవరి 28న చెన్నైకి ఉత్తరాన ఎన్నూరు వద్ద రెండు ఓడలు ఢీకొని నూనె సముద్రంలో కలిసింది. నూనెను చుట్టుముట్టే తేలుడు కట్టలు, తోడే యంత్రాలు ముందే సిద్ధంగా ఉండాలి. ఆనాడు ఒడ్డుకు చేరిన జిడ్డును మనుషులు బకెట్లతో తోడవలసి వచ్చింది.

ఈ ప్రమాదాలను ముందే లెక్కగట్టడానికి మన దేశంలో చట్టబద్ధమైన పద్ధతి 1994లో వచ్చింది. ఇప్పుడు అమలులో ఉన్నది 2006 సెప్టెంబరు 14 నాటి ప్రకటన. దీని ప్రకారం పెద్ద రేవు కట్టదలచినవారు ఇసుక కదలిక, చేపలు, నీరు, ఊళ్ళు మొదలైనవాటిపై పడే ప్రభావాన్ని పరిశీలించి నివేదిక తయారు చేయాలి. దాని సారాంశాన్ని ఇంగ్లీషులోను, ఆ రాష్ట్రపు భాషలోను ప్రజలకు అందుబాటులో ఉంచాలి. కనీసం 30 రోజుల ముందు పత్రికలలో ప్రకటించి, ప్రజాభిప్రాయ సేకరణ సభ జరపాలి. జిల్లా మేజిస్ట్రేటుగాని, ఆయన తరపున అదనపు జిల్లా మేజిస్ట్రేటు హోదాకు తగ్గని అధికారిగాని అధ్యక్షత వహిస్తారు. సభ చివర, ఎవరెవరు ఏమి చెప్పారో చదివి వినిపించాలి.

ఇక్కడ మన వంటివారికి ఒక విశేషం ఉంది. పూరీ, గంజాం తీరాలలో తెలుగు మాట్లాడే జాలరులు తరతరాలుగా ఉన్నారు. నివేదిక సారాంశం ఒడియాలో వస్తుంది. ఇంట తెలుగు, బడిలో ఒడియా చదివిన పిల్లవాడు ఆ నివేదికను తాతకు తెలుగులో చదివి చెప్పగలడు. ఏ నెలలో ఒడ్డు ఎంత కోస్తుందో, ఏ గాలికి ఇసుక ఎటు పోతుందో తాతకు తెలుసు. ఇసుకను ఉత్తరానికి ఎవరు పంపుతారు, ఎన్నేళ్ళు పంపుతారు, దానికి డబ్బు ఎవరిస్తారు అని సభలో లేచి అడిగితే, ఆ ప్రశ్న, దానికి వచ్చిన జవాబు సభ వివరాలలో రాయబడతాయి.