శ్రీవారు ముభావంగా ఉంటున్నారా?

మీ వారు ఈ మధ్య మంచం ఎక్కగానే గోడవైపు తిరిగి పడుకుంటున్నారా? "ఏమండీ" అని పలకరిస్తే "అలసటగా ఉంది, పొద్దున డ్యూటీ ఉంది" అంటున్నారా? వారం పది రోజులైతే ఎవరూ పట్టించుకోరు. నెలలు గడిచేసరికి మనసు ఊరుకోదు కదా! నేను లావయ్యానా, ఇద్దరు పిల్లలు పుట్టాక నామీద మోజు తీరిందా, బయట ఎవరైనా తగిలారా... అన్నీ అనుమానాలే. పోనీ ఎవరితోనైనా చెప్పుకుందామా అంటే అమ్మతో చెప్పలేం, తోడికోడలితో అసలే చెప్పలేం.

ఆ అనుమానాలు కాస్త పక్కనపెట్టి, ఆయన పొట్ట సంగతి, నిద్ర సంగతి ఒకసారి చూడండి. చాలా ఇళ్ళల్లో జవాబు అక్కడే దొరుకుతుంది.

మేడ్చల్, షామీర్‌పేట వైపు కాపురం ఉంటున్న ఇల్లాళ్ళకు ఈ మాట చప్పున అర్థమవుతుంది. ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరుపడ్డ ఊళ్ళవి. ఇప్పుడు మేడ్చల్ చుట్టూ ఫ్యాక్టరీలు, గోదాములు. షామీర్‌పేట దాటి తుర్కపల్లి వైపు వెళ్తే జీనోమ్ వ్యాలీ మందుల కంపెనీలు. తండ్రి పొద్దుగూకితే పొలం నుంచి ఇంటికొచ్చి పడుకునేవాడు. కొడుక్కి ఒక వారం పగలు, ఒక వారం రాత్రి డ్యూటీ. తెల్లారి ఇంటికొచ్చి పడుకుంటే సందులో కూరగాయల బండి మైకు, పిల్లల గోల. నాలుగైదు గంటలకు మించి కన్ను మూతపడదు. వెళ్ళేటప్పుడు హైవే పక్కన మిర్చి బజ్జీ, చాయ్. జీతం వచ్చిన రోజు దాబాలో బిర్యానీ. రెండు మూడేళ్ళకల్లా చొక్కా గుండీలు పట్టవు.

దీనికీ పడకగదికీ ఏమిటి సంబంధం అంటారా? మగవారిలో కోరికకు ఆధారమైన హార్మోను టెస్టోస్టిరాన్. అది వృషణాల్లో తయారవుతుంది. తయారుచెయ్యమని హుకుం పంపేది మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి. నిద్రలో ఈ హార్మోను పెరుగుతుంది, తెల్లవారేసరికి ఎక్కువగా ఉంటుంది. అమెరికాలో షికాగో విశ్వవిద్యాలయం వారు ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ళను వారంపాటు రాత్రికి ఐదేసి గంటలే పడుకోనిచ్చి చూశారు. పగటిపూట హార్మోను 10 నుంచి 15 శాతం పడిపోయిందని 2011లో ప్రకటించారు. ఒక్క వారానికే అంత! ఇక పొట్టలో పేరుకున్న కొవ్వు ఉన్న హార్మోనును కూడా కొంత ఆడ హార్మోనుగా మార్చేస్తుంది. షుగరు వ్యాధి ఉన్నవారిలోనూ ఇది తగ్గడం ఎక్కువ. గట్టిగా గురకపెడుతూ, మధ్యలో ఊపిరాగినట్టయి ఉలిక్కిపడి లేస్తున్నారా? ఆ మాట డాక్టరుతో తప్పకుండా చెప్పండి. పక్కన పడుకునే మీకు తప్ప అది ఆయనకే తెలియదు మరి.

అలాగని కోరిక తగ్గిన ప్రతి మగవాడికీ హార్మోను తగ్గిందనుకోకండి. చిట్టీ డబ్బులు, ఇంటి లోను, మనసుకు పట్టిన దిగులు, థైరాయిడ్, రోజూ పుచ్చుకునే మందు, బీపీకీ దిగులుకూ వాడే కొన్ని మాత్రలు - ఏవైనా కారణం కావచ్చు. (మాత్రలు మీ అంతట మీరు మానిపించకండి. మార్చవలసి వస్తే డాక్టరే మారుస్తారు.) "కల్లే కదా, చలవ చేస్తుంది" అనేవారికి ఒక్క మాట. కల్తీ కల్లులో నిద్రమాత్రల మందు ఆల్‌ప్రజోలం కలుపుతున్నారని పదేపదే బయటపడింది. 2025 జులైలో మన జిల్లాలోనే, కూకట్‌పల్లిలో, కల్తీ కల్లు తాగి కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు.

గోడమీది వైద్యులు

సికింద్రాబాద్ నుంచి మేడ్చల్ దాకా రైలెక్కి చూడండి, "రహస్య వ్యాధులకు గ్యారంటీ వైద్యం" అని గోడల నిండా కనిపిస్తుంది. లైంగిక శక్తి పెంచుతామని మందులకు ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. గోడకు చట్టం పట్టదు కదా! ఆ పొడుల్లో ఏం కలుపుతారో చెప్పేవాడు లేడు. స్నేహితుడు ఇచ్చాడని వయాగ్రా రకం మాత్ర వేసుకునేవారూ ఉన్నారు. అది రక్తప్రసరణకు పనిచేస్తుంది గానీ కోరికను పుట్టించదు. గుండెనొప్పికి సార్బిట్రేట్ వాడుతున్నవారు దాన్ని వేసుకుంటే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణానికే ముప్పు.

అన్నిటికంటే జాగ్రత్తపడవలసింది టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ల విషయంలో. జిమ్ముల్లో కూడా వీటి మాట వినిపిస్తోంది. బయటినుంచి హార్మోను వస్తుంటే పిట్యూటరీ హుకుం పంపడం మానేస్తుంది, వీర్యకణాల తయారీ పడిపోతుంది. అంటే పిల్లలు కావాలనుకుంటున్న దంపతులకు అది పనికిరాదు. భర్త గుట్టుగా ఇంజెక్షన్లు చేయించుకుంటుంటే, అత్తగారు మాత్రం "కోడలికి కడుపు పండలేదు" అని మొక్కులు మొక్కిస్తూ ఉంటుంది! నిందపడేది ఎవరిమీదో వేరే చెప్పాలా?

కనుక ముందు పరీక్ష. పొద్దున పది గంటల లోపు, ఏమీ తినకుండా రక్తం ఇవ్వాలి. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన పొద్దున వద్దు, సరిగ్గా నిద్రపోయిన రోజులు చూసుకుని వెళ్ళండి. డెసిలీటరుకు 300 నానోగ్రాముల కంటే తక్కువ వస్తే తక్కువని సాధారణంగా లెక్క. కానీ ఒక్క కాగితం చూసి మందు మొదలుపెట్టకూడదు, ఇంకో రోజు మళ్ళీ చేయించాలి. షుగరు, థైరాయిడ్, ప్రొలాక్టిన్ కూడా అవసరాన్నిబట్టి చూస్తారు. బీపీ, షుగరు దగ్గర్లోని ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకోవచ్చు. హార్మోన్ల డాక్టర్లు ఉస్మానియాలో, నిమ్స్‌లో ఉన్నారు. అంగస్తంభన తగ్గడం కొందరిలో గుండెజబ్బుకు ముందు వచ్చే సూచన కూడా. సిగ్గుపడి దాచుకుంటే నష్టం పడకగదితో పోదు.

వంటింట్లో మీరు చేయగలిగింది లేకపోలేదు. మునక్కాయకు సినిమాలు తెచ్చిపెట్టిన పేరు సరే, ఏ ఒక్క కూరా హార్మోనును అమాంతం పెంచదు. బరువు తగ్గితే మాత్రం అదే కొంత పెరుగుతుంది. రాత్రి డ్యూటీ డబ్బాలో పులిహోర బదులు రెండు జొన్న రొట్టెలు, ఉడకబెట్టిన గుడ్డు, పెసరపప్పు తోటకూర పెట్టండి. బజ్జీల జోలికి పోకుండా గుప్పెడు వేయించిన సెనగలు, గుమ్మడి గింజలు. ఆయన పగలు పడుకునే గదికి మందం కర్టెన్ కట్టండి, ఫోను మీ దగ్గర పెట్టుకోండి. సెలవురోజు సాయంత్రం ఇద్దరూ షామీర్‌పేట చెరువు వైపు నడిచి రండి. పిల్లల్ని అత్తగారికి అప్పజెప్పి సుమా!

అడగడం ఎలా అన్నదే అసలు ఇబ్బంది. వారపత్రికల్లో డాక్టర్ సమరం గారి జవాబులు దిండు కింద దాచుకుని చదివిన తరం మనది, నోరువిప్పి మాట్లాడడం రాదు. పడకగదిలో మాత్రం అడగకండి, అక్కడ అది నిందలా వినిపిస్తుంది. నడకకు వెళ్ళినప్పుడు "ఈ మధ్య మీకు నిద్ర చాలడంలేదు, షుగరు ఒకసారి చూపిద్దామండీ" అనండి. షుగరు పేరు చెబితే ఏ మగవాడూ చిన్నబుచ్చుకోడు. డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు ఆయన వాడే మాత్రల అట్టలన్నీ సంచీలో వేసుకెళ్ళండి, గోడమీది వైద్యుడి పొడి పొట్లం ఉంటే అదీ. డాక్టరు ఆయనతో ఒంటరిగా మాట్లాడాలంటే లేచి బయట కూర్చోండి. మీ ముందు చెప్పలేనిది అక్కడ చెప్పుకుంటారు.