ప్రాసెస్ ప్రాధాన్యత

కంప్యూటరులో నడుస్తున్న ప్రోగ్రామును ప్రాసెస్ అంటారు. ఒకేసారి అనేక ప్రాసెస్‌లు ప్రాసెసరు కోసం పోటీపడినపుడు ముందుగా దేనికి అవకాశమివ్వాలో ఆపరేటింగ్ సిస్టమ్‌కు తెలిపే సూచికయే ప్రాసెస్ ప్రాధాన్యత. దీనిని వాడుకరి మార్చవచ్చును. అయితే అనేక సందర్భాలలో ఆ ప్రోగ్రామే వాడుకరి నిర్ణయాన్ని తిరిగి మార్చివేయగలదు.

విండోస్‌లో

విండోస్‌లో 0 నుండి 31 వరకు 32 ప్రాధాన్యతా స్థాయిలు ఉన్నాయి. టాస్క్ మేనేజరులో ఇవి ఆరు తరగతులుగా కనిపిస్తాయి. సాధారణ తరగతి మూలస్థాయి 8, అన్నిటికంటె దిగువ తరగతిది 4.

కార్యాలయంలో ఒక ఉద్యోగి పెద్ద వీడియోను వేరొక రూపంలోనికి మారుస్తూ, తన టైపింగు పని కుంటుపడకుండా ఆ ప్రోగ్రామును దిగువ తరగతికి దించినట్లు అనుకుందాం. ఈ అమరిక ఆ ప్రాసెస్ ముగిసేవరకే ఉంటుంది. ఈలోగా ప్రోగ్రాము తన తరగతిని తానే పెంచుకోవచ్చును. ఒక్క రియల్‌టైమ్ తరగతికి తప్ప, అందుకు ప్రత్యేక అనుమతి అక్కరలేదు. ప్రాధాన్యతను మార్చినది మనిషా, ప్రోగ్రామా అన్నది విండోస్ గుర్తుంచుకోదు. వీలునామాల వలె చివరిదే చెల్లుతుంది.

ఇది ఎల్లప్పుడూ దురుద్దేశంతో జరిగేది కాదు. ఉదాహరణకు క్రోమ్ బ్రౌజరు వెనుకనున్న ట్యాబుల ప్రాధాన్యతను తగ్గించి, వాడుకరి ఆ ట్యాబుకు రాగానే పెంచుతుంది. దీనివలన మేలే ఎక్కువ. కాని వాడుకరి చేతితో పెట్టిన విలువ ఆ మార్పులో నిలువదు.

యునిక్సు, లినక్సులలో

ఇక్కడ ప్రాధాన్యతను నైస్ అనే సంఖ్యతో తెలుపుతారు. దీని పరిధి -20 నుండి 19 వరకు. నైస్ అనగా మర్యాద. సంఖ్య పెరిగినకొద్దీ ప్రాసెస్ ఇతరులకు దారి ఇస్తుంది. సాధారణ వాడుకరి ఈ సంఖ్యను పెంచగలడే గాని, ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప తగ్గించలేడు. అతని పేరున నడిచే ప్రోగ్రాముకూ ఇదే నియమం వర్తిస్తుంది. కనుక ఒకసారి దించిన ప్రోగ్రాము తనంతట తాను పైకి రాలేదు. విండోస్ పద్ధతి కంటె ఇది వాడుకరికి ఎక్కువ రక్షణ.

అయితే 2011లో వెలువడిన లినక్సు 2.6.38 కెర్నెల్‌లో ఆటోగ్రూప్ అనే ఏర్పాటు చేరింది. అది పనిచేస్తున్నపుడు నైస్ పోలిక ఒకే సెషనులోని ప్రాసెస్‌ల మధ్యనే జరుగుతుంది. ఒక టెర్మినల్‌లో 19 ఇచ్చిన పని, మరొక టెర్మినల్‌లోని పనికి దాదాపుగా దారి ఇవ్వదు.

నివారణ

విండోస్ రిజిస్ట్రీలో ఒక ప్రోగ్రాముకు ప్రారంభ ప్రాధాన్యతను రాసి ఉంచవచ్చును. ఇది ప్రోగ్రాము మొదలైనపుడు మాత్రమే వర్తిస్తుంది, తరువాతి మార్పులను ఆపదు. గట్టి మార్గం జాబ్ ఆబ్జెక్ట్. ఇందులో తరగతిని నిర్ణయించి ప్రాసెస్‌ను చేర్చితే, అది తన తరగతిని మార్చుకొనలేదు. టాస్క్ మేనేజరులో ఈ సదుపాయం లేదు. దీనికై వేరొక ప్రోగ్రాము కావలెను.