దవడనుండి చెవిలోనికి

రేడియోనుండి వెలువడు మాట మన చెవిని చేరినంతమాత్రమున వినబడదు. అది కర్ణభేరిని కదలించి, దాని వెనుకనున్న చిన్న గదిలో మూడు ఎముకలమీదుగా లోపలికి పోవలెను. ఆ గదియే మధ్యకర్ణము. ఎముకలకు వాని ఆకారములనుబట్టి సుత్తి, దాగలి, రికాబు అని పేళ్లు. రికాబు పొడవు సుమారు 3 మిల్లీమీటర్లు. మన దేహమున ఇంతకంటె చిన్న ఎముక లేదు. ఈ మూడింటి చరిత్రను కొంత ముచ్చటింపదలచినాము.

ఈ ఎముకల అవసరమేమి? లోపలి చెవి ద్రవముతో నిండియున్నది. గాలిలోని ధ్వని ద్రవమును తాకినపుడు చాలవరకు వెనుకకు మరలిపోవును. చెరువులో మునిగినవానికి గట్టుమీది కేక సరిగా అందకపోవుట మనమెరిగినదే. కర్ణభేరి వైశాల్యము రికాబు పాదముకంటె సుమారు 17 రెట్లు. పెద్ద పొరమీద పడిన బలము చిన్న పాదముమీద చేరుటచేతను, సుత్తియు దాగలియు మీటవలె పనిచేయుటచేతను, ఒత్తిడి సుమారు 20 రెట్లు పెరిగి ఆ ద్రవమును కదలించును.

పక్షులకును బల్లులకును ఈ పనికి ఒకే ఎముక గలదు. పాలిచ్చు జంతువులకు తక్కిన రెండును ఎచటినుండి వచ్చినవి? 1837లో జర్మను శాస్త్రజ్ఞుడు కార్ల్ రైకర్ట్ పిండములను పరీక్షించి, సరీసృపముల దవడకీలులోని రెండు ఎముకలకును మన సుత్తి దాగలులకును మూలమొకటే యని చూపెను. నమ్మశక్యముగా తోపకున్నను దీనికి సాక్ష్యము నేటికిని గలదు. ఒపోసమ్ వంటి సంచిజంతువుల పిల్లలు పుట్టినపుడు ఈ ఎముకలు ఇంకను దవడను అంటియే యుండును. ఎదిగినకొలది విడివడి చెవికే పరిమితమగును.

మూలము ఒకటే యైనను, ఈ గది కట్టడము అన్ని జంతువులయందును ఒకే తీరున లేదు. అమెరికా ఖండములలో నివసించు ఆర్మడిల్లోలను చూడుడు. తొమ్మిది పట్టెల ఆర్మడిల్లోకు కర్ణభేరిని బిగించు ఎముక పూర్తిగా కలియని ఉంగరము మాత్రమే. ఆరు పట్టెల ఆర్మడిల్లోకు అదే ఎముక బుడ్డివలె ఉబ్బి గదిని మూసి, వెలుపలికి గొట్టమువలె సాగును. మన శిశువు పుట్టినపుడు గూడ ఈ ఎముక కలియని ఉంగరమే. పిదప పెరిగి గొట్టమగును. మనము బాల్యముననే దాటివచ్చు దశను పోలిన రూపము తొమ్మిది పట్టెల జంతువునకు జీవితాంతము నిలిచియుండును.

మన అడవులలోని అలుగును చూచి, కవచమున్నది గనుక ఇదియు ఆర్మడిల్లో చుట్టమే యనుకొందురు. అది పొరపాటు. అలుగు మాంసాహార జంతువులకు దగ్గరి బంధువు. దాని రికాబునకు నడుమ రంధ్రము లేక, చిన్న స్తంభమువలె నుండును.

చెవి నిర్మాణము ప్రాణములను నిలుపును. ఆఫ్రికా ఇసుకలలో తిరుగు గోల్డెన్ మోల్ అను జంతువు సుత్తి మిక్కిలి బరువైనది. నేల కంపనములను పసిగట్టుటకు అది తోడ్పడును. అమెరికా ఎడారులలోని కంగారు ఎలుక మధ్యకర్ణములు రెండును కలిసి దాని మెదడు గదికంటె పెద్దవి. 1962లో డగ్లస్ వెబ్‌స్టర్ ఈ ఎలుకలను పరీక్షించెను. చెవులు సరిగా నున్న ఎలుకలు గుడ్లగూబ రెక్కల సన్నని సవ్వడిని, పాము కదలికను విని, చివరి క్షణమున ఎగిరి తప్పించుకొనినవి. చెవిగదిలోని ఖాళీని తగ్గించినపుడు ఆ నేర్పు పోయి వాతబడినవి.

మనకును ఈ గది అలక్ష్యము చేయదగినది కాదు. కొందరికి రికాబు పాదము చుట్టును ఎముక పెరిగి, అది కదలక వినికిడి తగ్గును. 1956లో అమెరికా వైద్యుడు జాన్ షియా ఆ రికాబును తీసి కృత్రిమమైనదానిని అమర్చి వినికిడిని మరల కల్పించెను. మధ్యకర్ణమునుండి గొంతువెనుకకు ఒక నాళమున్నది. పిల్లలలో అది పొట్టిగాను చదునుగాను ఉండుటచేత, జలుబు చేసినపుడు చెవిలో నీరు చేరుట సులభము. పిలిచిన పలుకని పిల్లవానిని మొండివాడని గద్దించుటకు ముందు, వానికి వినబడుచున్నదా యని వైద్యునిచే పరీక్ష చేయింపుడు. దవడను వీడి చెవికి చేరిన ఆ ఎముకలు కదలాడినంతకాలమే మన మాట వానికి చేరును.