కంచమునుండి మొదలు

పర్యావరణ పరిరక్షణమును గూర్చి వ్రాయుమన్నచో మన విద్యార్థులు ప్లాస్టికు సంచిని మానవలెననియు, చెట్లు నాటవలెననియు వ్రాయుచున్నారు. అవి మంచి మాటలే. ఒక్కసారి వాడి పాఱవేయు ప్లాస్టికు వస్తువులలో కొన్ని 2022 జూలై 1వ తేదీనుండి దేశమంతట నిషేధింపబడినవి కూడ. కాని మొగుడంపల్లి ప్రాంతపు కుటుంబములు సంచినుండి గాక కంచమునుండి మొదలిడుట మేలని మా యభిప్రాయము. ఏలయన, మనము తిను గింజయే చేనిలోని పంటను నిర్ణయించును. ఆ పంటయే బోరుబావి నీటిని నిర్ణయించును. కిలో బియ్యము పండుటకు వేల లీటర్ల నీరు కావలెను. జొన్నకు వాన చాలును.

1983లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యము నిచ్చు పథకమును ప్రారంభించెను. ఆకలి తీర్చిన పథకమును మేము నిందింపము. కాని కంచములోనికి బియ్యము వచ్చినకొలది జొన్న వెనుకకు పోయెను. మెట్టభూములు కొన్ని బీడువడెను. ఆ సంవత్సరముననే స్థాపింపబడిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, జహీరాబాదునకు చేరువనున్న పస్తాపూరు కేంద్రముగా, మహిళాసంఘములతో కలిసి ఈ విషయమున పూనుకొనెను. అందు దళిత స్త్రీలే యధికులు. 1990వ దశకము నడుమ వారు బీడుభూముల సాగునకు బీదరైతులకు అప్పులిచ్చి, ఆ యప్పును రూకలుగా గాక జొన్నలుగా, కొన్ని యేండ్లలో తీర్చుకొనిరి. ఆ జొన్నలను ఊరిలోనే నిలువచేసి, పేదకుటుంబములకు చౌకగా నమ్మిరి. ఐగుప్తులో యోసేపు ధాన్యము కూర్చిన కథ మన పిల్లలకు కంఠస్థమే. ఆ కొట్లు ఫరోవి. ఇచ్చట ఊరిలో ఎవరు పేదలో నిర్ణయించినవారు ఆ యూరి స్త్రీలే.

వారి చేలలో ఒక్క గింజయే యుండదు. జొన్న, సజ్జ, కొఱ్ఱ, కంది, పెసర మొదలైనవి ఇరువది విధముల వఱకు కలిపి విత్తుదురు. కంది, పెసర వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు పనికివచ్చునట్లు చేయును. కావున ఎరువు ఖర్చు తగ్గును. నడుమ తమంతట మొలచు దొగ్గలి, జొన్నచెంచలి కూరకు వచ్చును. కలుపుమందు చల్లిన చేనిలో ఈ కూరలు దొరకవు. చలికాలమున నేలతేమతోను మంచుతోను పండు పైరులను ఈ స్త్రీలు సత్యంపంటలని పిలుతురు. విత్తనములను బూడిదతోను వేపాకుతోను కలిపి, పేడయు ఎఱ్ఱమన్నును పూసిన గంపలలో దాచుదురు. బూడిద తేమను పీల్చును. వేపాకు పురుగును రానీయదు.

ఇక ఇంటిమాట. మేమును ఒక సోమవారమున, మూడుపూటల జొన్నయే తినవలెనని నిశ్చయించితిమి. నాలుగవనాటికి పిల్లలు పళ్లెములు త్రోసివేసిరి. అంతకంటె సిగ్గుపడవలసిన సంగతి యేమనగా, రొట్టెలు తట్టు భారమంతయు ఇంటి స్త్రీలపైనే పడెను. దానిని మేము ముందుగా తలపనే లేదు. పిమ్మట వారమునకు రెండు రాత్రులు మాత్రమే జొన్నరొట్టె యని మార్చుకొని, గిర్నీకి పోయి పిండి పట్టించుట, రొట్టెలు తట్టుట, అంట్లు తోముట అందఱము పంచుకొంటిమి. ఇప్పుడవి నాలుగు రాత్రులైనవి. కూరగాయల తొక్కలకై పెరటిలో గుంత త్రవ్వితిమి. మొదట దుర్వాసన కొట్టెను. తడితొక్కలు ముద్దగట్టి, లోనికి గాలి యాడకపోవుటయే కారణము. ఎండుటాకులు పొరలుగా వేయగా వాసన పోయెను. గుడ్డసంచి అలవాటగుటకు మాత్రము నెలరోజులైనను పట్టలేదు.

కష్టమైనది వేఱొకటి గలదు. మన పాఠశాలలో జొన్నరొట్టె తెచ్చుకొన్న పిల్లలు డబ్బామూతను అడ్డము పెట్టుకొని తినుట మేము చూచితిమి. 2019లో పైజెప్పిన సొసైటీకి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమువారి ఈక్వేటర్ బహుమానము వచ్చెను. 2023వ సంవత్సరమును ప్రపంచమంతయు చిరుధాన్యముల సంవత్సరముగా జరుపుకొనెను. పట్టణములలో ధనవంతులు ఈ గింజలనే హెచ్చువెల పెట్టి కొనుచున్నారు. అయినను ఈ పిల్లల సిగ్గు పోలేదు. వారికి బియ్యపుటన్నము కలిమికి గుర్తు, రొట్టె లేమికి గుర్తు. ఉపన్యాసమువలన ఇది పోదని తెలిసి, గత సంవత్సరమునుండి ప్రతి శుక్రవారము ఉపాధ్యాయులము కొందఱము జొన్నరొట్టెయు పప్పును తెచ్చుకొని పిల్లల వరుసలలోనే కూర్చుండి తినుచున్నాము. కొన్ని మూతలు దిగినవి. కొన్ని ఇంకను అడ్డముగానే యున్నవి.