మంచు దిగిన గట్టు మీద

ధనుర్మాసంలో తెల్లవారుజామున నాలుగున్నరకి తాడేపల్లిగూడెంలో ఏ టీకొట్టు దగ్గరైనా కాసేపు నిలబడి చూడండి. బండి దిగినవాడు టీ గ్లాసు అందుకోగానే తాగడు. రెండు చేతులతో దాన్ని చుట్టేసి పట్టుకుంటాడు. వేళ్లు వంగడం మొదలయ్యాకే మొదటి గుక్క. మంకీ క్యాపు మీద, మీసాల మీద, కనుబొమల మీద తెల్లగా నీటి చుక్కలు. స్వెట్టరు పిండితే నీళ్లు కారేలా ఉంటుంది. చొక్కా లోపల ఛాతీకి అడ్డంగా నిన్నటి పేపరు మడిచి పెట్టుకున్నవాళ్లూ ఉంటారు. గాలిని ఆపడంలో ఆ పేపరుకి సాటి లేదు, వేలు పోసి కొన్న జర్కిన్‌తో సహా.

థర్మామీటరు చూస్తే ఇక్కడి చలి పెద్ద చలేం కాదు. డెల్టాలో జనవరి రాత్రి 16, 17 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. ఢిల్లీలో ఉన్న బంధువుకి ఫోన్లో చెబితే నవ్వుతాడు. గూడెం కుర్రాళ్లే కొత్త సంవత్సరానికి గుంపుగా బండ్లేసుకుని లంబసింగి పోతారు, చలి అంటే ఏమిటో చూసొద్దామని. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఊరు, పాదరసం సున్నా దగ్గరికి జారిన రోజులున్న ఊరు. అక్కడ పొద్దెక్కాక లేచి, మంట కాగి, ఫొటో దిగి రావచ్చు. ఇక్కడ మూడున్నరకి లేచి హ్యాండిల్ పట్టుకోవాలి.

పైగా మనది తడి చలి. ఒకవైపు కొల్లేరు, దాని చుట్టూ లెక్కకు మించిన చేపల చెరువులు, ఊరూరికీ కాలవ, దాళ్వా నాట్ల కోసం నీళ్లు పెట్టిన చేలు. గాలి ఆగి, ఆకాశంలో మబ్బు లేని రాత్రి నేల వేడంతా పైకి పోతుంది. నేలనంటిన గాలి చల్లబడి, అందులోని ఆవిరి సన్నటి బిందువులై అక్కడే వేలాడుతుంది. హిమాలయం మీద పడేదాన్నీ, గడ్డిపరక మీద నిలిచేదాన్నీ, కొల్లేటి మీద లేచేదాన్నీ మన భాష ఒక్క మంచు అనే పిలుస్తుంది. కొల్లేటి వైపు ఊళ్లలో మాత్రం ‘మంచు దిగింది’ అంటే ఏ మంచో ఎవరూ అడగరు. వాతావరణ శాఖ లెక్కలో 200 మీటర్ల అవతల ఏమీ కనబడకపోతే దట్టమైన పొగమంచు, 50 మీటర్లలోపే చూపు ఆగిపోతే అతి దట్టమైనది. గణపవరం, నిడమర్రు దాటి కొల్లేటి వైపు వెళ్తుంటే ఒక్కో తెల్లవారుజామున ముందు చక్రం తప్ప మరేం కనబడదు. దానికి ఏ పేరు పెట్టుకుంటారో పెట్టుకోండి.

మరి ఆ వేళకి బయల్దేరకపోతే ఏం పోయింది? తెలియనివాళ్లు మొదట అడిగేది ఇదే. ఆరున్నర దాటితేగాని పొద్దు పొడవదు, ఎనిమిదైతేగాని మంచు విడవదు. అప్పటిదాకా ఆగితే పాలవాడి పాలు ఇళ్లలో కాఫీకి అందవు. పేపరు కుర్రాడిది పాత పేపరు అవుతుంది. టీవీఎస్ మీద గూడెం వచ్చి ఉల్లిపాయల మార్కెట్లో బస్తా ఎత్తుకుని ఊళ్లమ్మట తిరిగి అమ్ముకునేవాడికి పూట పోతుంది. బొచ్చె, శీలావతి పట్టుబడి ఉన్న రోజు వల లాగేవాళ్లు చీకటితోనే గట్టు మీద ఉండాలి. తెల్లారేసరికి చేప ఐసులో పడి బెంగాల్, అస్సాం వైపు పోయే లారీ ఎక్కాలి.

అందరికన్నా చెరువు రైతు కష్టం వేరు. మంచు రాత్రే అతనికి చెరువు దగ్గర పని. పొద్దుగుంకాక చెరువులో ఆక్సిజన్ తయారీ ఆగిపోతుంది, వాడకం మాత్రం రాత్రంతా సాగుతుంది. తెల్లవారుజాముకి అది అడుగంటుతుంది. మబ్బో మంచో పట్టి ఎండ ఆలస్యమైతే ఆ గండం ఇంకా పొడుగవుతుంది. రొయ్యలు అంచులకి చేరుతున్నాయని, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయని కాపలావాడు ఫోన్ చేస్తే, ఏరేటరు ఆగిపోయిందని తెలిస్తే, ఏడింటికి వస్తానని చెప్పే రైతు ఉండడు. ఏ మంచు బండి ఎక్కొద్దని చెబుతుందో ఆ మంచే అతన్ని బండి ఎక్కిస్తుంది.

ఎక్కాక మొదటి గొడవ హెల్మెట్‌తో. అద్దం దించితే లోపల మన ఊపిరే ఆవిరై కమ్మేస్తుంది, బయట మంచు చుక్కలు కడుతుంది. కారుకైతే వైపర్ ఉంటుంది. బండివాడికి ఎడమచేతి బొటనవేలే వైపరు. అద్దం పైకెత్తితే ఆ చుక్కలు సూదుల్లా కళ్లలో గుచ్చుకుంటాయి, నీళ్లు కారతాయి. కళ్లజోడు ఉన్నవాడి బాధ రెండింతలు. అద్దానికి లోపలివైపు సబ్బు రాసి పొడిబట్టతో తుడిస్తే కాస్త నయమని కొందరు చేస్తారు. నేనూ చేశాను, నాలుగు కిలోమీటర్లు పనిచేసింది. చివరికి చాలామంది హెల్మెట్ తీసి ట్యాంకు మీద పెట్టుకుని మఫ్లర్‌తో వెళ్తారు. చట్టం ప్రకారం అది తప్పు. దానికన్నా ప్రాణానికి తప్పు. కానీ కనబడక తీసినవాణ్ణి, పొగరుతో పెట్టుకోనివాణ్ణి ఒకే గాటన కట్టలేను.

హెడ్‌లైటు బ్రైట్‌లో పెడితే ఎదురుగా తెల్లగోడ లేస్తుంది. వెలుగంతా చుక్కల మీద పడి మన కళ్లలోకే తిరిగొస్తుంది. డిమ్‌లో పెట్టుకోవాలి, కానీ చీకట్లో చెయ్యి బ్రైట్ మీదికే పోతుంది. కంటికి పక్కన చెట్టూ చేమా ఆనకపోతే మనం ఎంత వేగంతో పోతున్నామో కూడా తెలియదు, నెమ్మదిగానే వెళ్తున్నామనిపిస్తుంది. గంటకి 40 కిలోమీటర్లంటే సెకనుకి 11 మీటర్లు. కనబడేది 20 మీటర్లయితే, ఎదుట ఏదో ఉందని తెలుసుకోవడానికే సగం దూరం అయిపోతుంది. మిగతా సగంలో తడిసిన రోడ్డు మీద, చేపల లారీలు కార్చుకుంటూ పోయిన నీళ్ల మీద, మొద్దుబారిన వేళ్లతో బ్రేకు నొక్కి ఆగాలి. చాలదు.

అందుకే అందరం ముందుపోయే బండి వెనక ఎర్రలైటు పట్టుకుని వెళ్తాం. ఒక జనవరిలో నేనూ అలాగే ఒక లారీ వెనకబడ్డాను. పావుగంట హాయిగా సాగింది. లారీ ఆగింది, నేనూ ఆగాను. చూస్తే రైసుమిల్లు ఆవరణలో ఉన్నాను. కాపలా తాత లాంతరులాంటి టార్చి మొహం మీద వేసి, “ధాన్యం ఏదండీ?” అన్నాడు. ఆ రోజుకి నవ్వొచ్చింది. అదే లారీ మిల్లుకి బదులు ఒక చెరువు గట్టు మీదికి తిరిగి ఉంటే నవ్వడానికి ఉండేవాణ్ణి కాదేమో.

అసలు విషయం గట్లే. మన రోడ్లు చాలావరకు రోడ్లుగా పుట్టలేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, కాలవలు తవ్వారు, తవ్విన మట్టి గట్టయింది, గట్టు బాటయింది, బాట మీద తారు పోశారు. కాలవ ఎలా వంకరపోతే రోడ్డు అలా వంకరపోతుంది. ఒకవైపు నీళ్లు, రెండోవైపు పల్లపు చేను లేదా చెరువు. చాలా చోట్ల రెయిలింగు లేదు, తెల్లగీత లేదు, ఉన్న గీత అరిగిపోయింది. పగలు ఆ మలుపులు అందంగా ఉంటాయి, సినిమా వాళ్లొచ్చి తీసుకుంటారు. మంచులో రోడ్డు ఎక్కడ ఆగి కాలవ ఎక్కడ మొదలయిందో చెప్పేది ఏదీ ఉండదు.

రోడ్డు మీద ఉన్నవాటి సంగతి మరొకటి. సార్వా కోతలప్పుడు సగం రోడ్డు కళ్లమే. ధాన్యం రాశి, దాని మీద బరక, బరక లేవకుండా చుట్టూ బండరాళ్లు. చీకట్లో ఆ రాళ్లకి తగిలి పడ్డవాళ్లు ఊరికి ఒక్కరైనా ఉంటారు. రైతుని తిట్టడం తేలిక. తేమ ఎక్కువుంటే ధర తెగ్గోస్తారు, ఆరబెట్టడానికి ఊళ్లో సిమెంటు కళ్లం లేదు, ఎక్కడ ఆరబెట్టుకుంటాడు? కానీ వెనక ఒక్క లైటూ లేకుండా, గడ్డి ఎత్తుగా వేసుకుని, చీకట్లో పోయే ట్రాక్టరు ట్రక్కుని నేను క్షమించలేను. 16వ నంబరు జాతీయ రహదారి పక్కన పార్కింగ్ లైటు ఆర్పేసి ఆపుకున్న లారీనీ అంతే.

ఒక్కసారి పోల్చి చూడండి. మంచు పడితే గన్నవరంలో దిగాల్సిన విమానం గాల్లో చక్కర్లు కొడుతుంది, కుదరకపోతే హైదరాబాద్ తిరిగిపోతుంది. రైలుకి సిగ్నల్ దగ్గరపడుతోందని డ్రైవరుకి చెప్పడానికి పట్టాల మీద టపాకాయలు పెడతారు, ఇప్పుడు మంచు కోసమే చేసిన జీపీఎస్ పరికరం కూడా ఇంజన్లో పెడుతున్నారు. ఉత్తరాదిన యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద డిసెంబరు 15 నుంచి ఫిబ్రవరి 15 దాకా కార్ల వేగ పరిమితి వంద నుంచి 75కి దించుతారు. జపాన్‌లో హొక్కైడో దీవిలో కురిసే మంచులోనూ రోడ్డు అంచు ఇదీ అని చూపడానికి స్తంభాలకి కిందికి చూసే బాణాలు కట్టారు. మనకి? సంక్రాంతి ముందు ‘వాహనదారులు అప్రమత్తంగా ఉండాలి’ అని ఒక ప్రకటన వస్తుంది. భోగి మంటల పొగ మంచులో కలిసి ఊరంతా మసకైన తెల్లవారుజామున, రాత్రంతా బండి నడిపి హైదరాబాద్ నుంచి పండక్కి వస్తున్న కుర్రాడు ఆ ప్రకటన చదివి ఉండడు.

ఇందులో మంచు తప్పేమీ లేదు. ఏటా వస్తుంది, ఏ నెలలో వస్తుందో అందరికీ తెలుసు, ఏ మలుపు దగ్గర ఎక్కువ పడుతుందో ఆ ఊరి పాలవాణ్ణి అడిగినా చెబుతాడు. గట్టు అంచున తెల్లగీత, మలుపులో రేడియం పూసిన నాలుగు రాళ్లు, వంతెన మొదట్లో ఒక లైటు, ఊరికొక కళ్లం. కోట్ల పనులు కావివి. కార్తీకం వెళ్లేలోగా గీతలు పడాలి. పండగయ్యాక వేసిన గీత వచ్చే ఏటికి అరిగిపోయే ఉంటుంది.

ఈలోగా ట్రాక్టరున్న రైతులకి ఒక మనవి. మీ అబ్బాయి కూడా ఈ రోడ్డు మీదే బండి మీద వస్తాడు. ట్రక్కు వెనక చెక్కకి రెండు చివరలా ఎర్ర రేడియం స్టిక్కరు అంటించండి, గడ్డి దాన్ని కప్పకుండా చూసుకోండి.