మిరపకాయ బజ్జీ: ఇంట వండుకొను విధము

సాయంకాలం బండి మీది బజ్జీలు తిని, గుండెమంటతో నా వద్దకు వచ్చువారెందరో! పదేపదే కాగిన నూనె ఆరోగ్యమునకు మంచిది కాదు. కనుక ఇంట వండుకొనుట మేలు.

8 బజ్జీ మిరపకాయలను నిలువుగా చీల్చి గింజలు తీయవలెను. వాము, ఉప్పు, చింతపండు నూరి లోపల పట్టించవలెను. శనగపిండి వాతకరము, వాము దానికి విరుగుడని మా గురువుగారు చెప్పెడివారు. 1 కప్పు శనగపిండిలో 2 చెంచాల బియ్యపుపిండి, తగినంత ఉప్పు వేసి, కాయకు అంటుకొనునంత చిక్కగా నీటితో కలిపి, కాయలను ముంచి కొత్త నూనెలో దోరగా వేయించవలెను. మిగిలిన నూనెను మరల కాచరాదు.

ఆమ్లపిత్తము, కడుపులో పుండ్లు గలవారు ఇంటి బజ్జీలనైనను మానవలెను. ఈ పథ్యము నాకును తప్పలేదు. మనుమలకు వడ్డించి, నేను మజ్జిగతో తృప్తి పడుచున్నాను.